పసిబిడ్డలున్న యింట నిరాడంబర జీవనము

నిరాడంబర జీవనమును గూర్చి పెద్దలు చెప్పిన మాటలు అనేకము కలవు. అవి చాలవరకు వారి బిడ్డలు పెరిగి పెద్దవారైన పిమ్మట చెప్పినవి. చంకన ఒకరు, కొంగు పట్టుకొని మరియొకరు ఉన్నప్పుడు ఆ మాటలు ఎంతవరకు ఆచరణకు వచ్చునో మా యింటి అనుభవమును బట్టి చెప్పదలచితిమి.

మాది విజయవాడలో రెండు గదుల అద్దె యిల్లు. మా వారిది అచ్చుకూటములో ఉద్యోగము. పెద్దది ఆడపిల్ల, బడికి పోవుచున్నది. చిన్నవాడింకను ఇంటనే ఉన్నాడు. మా అత్తగారు ఏడాదిలో ఆరు నెలలు మా వద్దను, ఆరు నెలలు మా మరిదిగారి వద్దను ఉందురు. మా వంటయిల్లు ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. అందులో గట్టు పొడవు అయిదడుగులు. ఈ కొలతలు చెప్పుటకు కారణము ముందు తెలియగలదు.

2022లో చిన్నవాడు పుట్టినప్పుడు మాకు నిరాడంబరము గుర్తు రాలేదు. పెద్దపిల్ల నాడు చేతిలో డబ్బు లేక కొనలేకపోయినవన్నియు ఈ మారు కొంటిమి. సీసాలను ఆవిరితో శుభ్రపరచు విద్యుత్ పాత్ర వచ్చినది. పాలు వెచ్చబెట్టు గిన్నె వచ్చినది. పండ్లను, కూరలను మెత్తగా చేయుటకు వేరుగా ఒక చిన్న మిక్సీ వచ్చినది. పిల్లవానిని నడుమ కూర్చుండబెట్టి తిప్పు చక్రముల నడకబండి వచ్చినది. కొన్ని రొక్కమునకు, కొన్ని వాయిదాలకు. ఒక్కొక్కటి కొనునప్పుడు అనుకొన్న మాట ఒక్కటే: పిల్లవాని కొరకే గదా! ఆ మాటకు ఎదురు చెప్పగల తల్లిని మేమింతవరకు చూడలేదు.

2023 జూన్ మాసములో ఒక ఉదయము. వానికి పదునాలుగు నెలలు. అడుగులు వేయ నేర్చి పదియైదు దినములైనది. మేము అన్నము వార్చితిమి. గంజిగిన్నె పెట్టుటకు గట్టుమీద చోటు లేదు. ఒక ప్రక్క పొయ్యి, ఒక ప్రక్క మిక్సీలు రెండు, నడుమ ఆవిరిపాత్ర, పాలు వెచ్చబెట్టు గిన్నె, వాని తీగలు. అందుచేత గంజిని క్రింద, గడపకు చేరువగా పెట్టితిమి. అంతకుముందును ఎన్నోసారులు అట్లే పెట్టియుంటిమి. అప్పుడు ఫోను మ్రోగినది. పిలుపు కూడ కాదు. ఏదో అంగడివారి తగ్గింపు ధరల కబురు. దానిని చూచుటకు ఎంతసేపు పట్టినదో ఇప్పటికిని చెప్పలేము. తల యెత్తునప్పటికి పిల్లవాని ఎడమ ముంజేయి గంజిలో నున్నది.

"పేస్టు పట్టుకురా అమ్మాయ్, పేస్టు!" అని అత్తగారు కేకవేసిరి. మాకును మరియొకటి తెలియదు. పండ్లు తోముకొను పేస్టును చేతినిండ పూసి, కొంగు చుట్టి, ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తితిమి. అక్కడ వైద్యులు మొట్టమొదట చేయవలసివచ్చినది ఆ పేస్టును తుడిచివేయుట. కాలినప్పటికంటె తుడుచునప్పుడే పిల్లవాడు ఎక్కువ ఏడ్చినాడు. "ముందు నీళ్ళు పొయ్యాలమ్మా. ఇరవై నిమిషాలు, ఆగకుండా. ఇంకేమీ వద్దు" అని వైద్యులు మెల్లగానే చెప్పిరి. వారు కోపపడియున్న మాకు కొంత తేలికగా నుండెడిది.

ఇది ప్రతి యింటను తెలిసియుండవలసిన సంగతి గనుక కొంచెము వివరముగా చెప్పెదము. పసిబిడ్డ చర్మము పెద్దవారి చర్మముకంటె పలుచన. 60 డిగ్రీల వేడిగల నీరు దానిని ఒకటి రెండు సెకనులలోనే లోతుగా కాల్చగలదు. అప్పుడే వార్చిన గంజి అంతకంటె ఎక్కువ వేడి. గిన్నె ప్రక్కకు తీసినను చర్మములోనికి దిగిన వేడి వెంటనే పోదు, లోపల తన పని తాను చేయుచునే యుండును. చల్లని నీటిధార ఆ వేడిని లాగివేయును. అందువలననే ఇరువది నిమిషములు. మంచుగడ్డ పెట్టరాదు, దాని చలువ గాయపడిన చర్మమునకు మరల హాని చేయును. పేస్టు, ఇంకు, పసుపు, నూనె ఇవి వేడిని లోపల బంధించుటయే గాక, గాయమెంత లోతో వైద్యునకు కనబడనీయవు. ఉంగరము, గాజు, మొలత్రాడు వంటివి గాయమునకు దగ్గరగా నున్నచో వాపు రాకముందే తీసివేయవలెను. నీరు పోయుచున్నంతసేపు మిగిలిన దేహమునకు చలి తగులకుండ గుడ్డ కప్పవలెను. తరువాత శుభ్రమైన తడి గుడ్డతో వదులుగా కప్పి ఆసుపత్రికి. మా ఊరివారికి మరియొక మాట: వేసవి మధ్యాహ్నము డాబామీది తొట్టి నీరు కుళాయిలో కాగిన నీరువలె వచ్చును. ఆ వేళ కుండలోని నీటిని చెంబుతో ఎడతెగక పోయుట మేలు.

గాయము మానుటకు మూడు వారములు పట్టినది. ఆ మూడు వారములు రాత్రులు మాకు నిద్ర లేదు. నిందించుకొనుటకు తగినంత తీరిక దొరకినది. మొదట ఫోనును నిందించితిమి. అది న్యాయమే. కాని ఒక రాత్రి వంటయింటి గడపలో కూర్చుండి చూచినప్పుడు మరియొక సంగతి తోచినది. గట్టుమీద ఒక్క అడుగు ఖాళీ యున్నచో ఆ గంజిగిన్నె క్రిందికి దిగియుండెడిది కాదు. పిల్లవాని కొరకని కొన్న వస్తువులే పిల్లవానికి హాని లేని చోటును ఆక్రమించుకొనినవి. నిరాడంబరము అను మాటకు మాకు అర్థము ఆ రాత్రి తెలిసినది. అంతవరకు అది ఏదో గాంధీగారి కాలపు మాట అనియు, మనవంటి వారికి చేతకాదనియు అనుకొంటిమి. అది అడుగు జాగా మాత్రమే.

మరునాటినుండి గట్టు ఖాళీ చేయసాగితిమి. అన్నియు తీసివేసితిమని చెప్పుకొనుట అబద్ధమగును. పెద్ద మిక్సీ అట్లే యున్నది. రోటిని పొగడువారు నాలుగు దినములు రుబ్బి, అటుపై పొగడవలెను. ఆవిరిపాత్ర పోయినది, పాలు వెచ్చబెట్టు గిన్నె పోయినది, చిన్న మిక్సీ పోయినది. వాటి అవసరమెంతయో విచారించినకొద్దియు మాకే నవ్వు వచ్చినది. ఆవిరిపాత్ర ఎందులకు? సీసాల కొరకు. సీసాలెందులకు? మా అత్తగారు మా వారికి ఉగ్గుగిన్నెతో పట్టిరి. ఆ వెండి ఉగ్గుగిన్నె బీరువాలో గుడ్డలో చుట్టి యుండనే యున్నది. నేటి శిశువైద్యులును ఇదియే చెప్పుచున్నారు: తల్లిపాలు కాక మరియేదైన పట్టవలసివచ్చినచో సీసాకంటె గిన్నె, చెంచా మేలు. సీసా మెడలోను, పీకలోను పాలు అంటుకొని సూక్ష్మజీవులు పెరుగును, అందువలన విరేచనములు. నోరు విప్పిన గిన్నెను తోమి, మరుగు నీటిలో వేసిన చాలును. మన దేశములో పోతపాల డబ్బాలకును, పాలసీసాలకును ప్రకటనలు వేయరాదని 1992లోనే చట్టము చేసిరి. 2003లో దానిని మరింత బిగించిరి. ప్రకటన నిషేధించిన వస్తువునకు మేము ఇంటిలో అడుగున్నర జాగా ఇచ్చితిమి.

నడకబండి సంగతి కూడ అట్టిదే. పిల్లవానిని నడుమ కూర్చుండబెట్టు ఈ బండివలన నడక త్వరగా రాదు. పైగా కాలితో ఒక్క తన్ను తన్నినచో మెట్లవరకు, పొయ్యివరకు క్షణములో పోవును. కెనడా దేశమువారు 2004లో వీటి అమ్మకమునే నిషేధించిరి. మన వడ్రంగులు చేయు మూడు చక్రముల కొయ్యబండి వేరు. పిల్లవాడు తన కాళ్ళమీద తాను నిలిచి దానిని వెనుకనుండి త్రోయును. రెంటికిని పేరు ఒకటే యగుటచే మేము మోసపోతిమి.

తిండి విషయమున మా యింట పోరు జరిగినది. దానిని దాచనేల? పిల్లవాడు రెండవ యేట తినుట తగ్గించినాడు. మా అత్తగారికి దిగులు, ప్రక్కింటివారికి జాలి. "చిక్కిపోయాడమ్మా పిల్లాడు" అను మాట వినని దినము లేదు. మేము అంగన్‌వాడీలో తూకము వేయించి, తల్లీబిడ్డల కార్డులోని గీతలను చూచితిమి. గీత చక్కగానే సాగుచున్నది. అప్పుడు అక్కడి కార్యకర్త చెప్పిన లెక్క మాకు కన్ను తెరిపించినది. బిడ్డ పుట్టినప్పటి బరువునకు ఏడాది నిండునప్పటికి ఇంచుమించు మూడు రెట్లగును. రెండవ యేడు నిండునప్పటికి నాలుగు రెట్లు మాత్రమే. అనగా మొదటి యేట ఆరు కిలోలు పెరిగినవాడు రెండవ యేట రెండున్నర, మూడు కిలోలు పెరుగును. పెరుగుట తగ్గినప్పుడు ఆకలియు తగ్గును. పిల్లవాడు తన పొట్టకు తగినంతయే తినుచున్నాడు. మనము మాత్రము మొదటి యేటి లెక్కతో వడ్డించుచున్నాము. అయితే కార్డులోని గీత సాగక అడ్డముగా నిలిచినను, క్రిందికి దిగినను అది వేరు సంగతి. అప్పుడు వైద్యుని చూడవలసినదే.

ఆ మిగిలిన ముద్దలు పెట్టుటకు ఫోను చూపుట అలవాటైనది. బొమ్మలు ఆడుచుండగా నోరు తానే తెరచుకొనును, ముద్ద తానే లోనికి పోవును. పెట్టువారికి సుఖము. కాని పిల్లవానికి తాను తినుచున్నట్లే తెలియదు. కడుపు నిండినదని లోపలినుండి వచ్చు కబురు వినుటయే మరచిపోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనలలో ఏడాదిలోపు బిడ్డలకు తెర అసలు వలదనియు, ఏడాది నిండిన పిల్లలకును అది తగదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు, అంతకంటె తగ్గిన మరింత మేలనియు ఉన్నది. ఆ సూచన చదువుట సులభము. ఫోను తీసివేసిన మొదటి మూడు దినములు మా చిన్నవాడు కంచము విసరినాడు. నాలుగవనాడు అత్తగారు కన్నీరు పెట్టుకొనిరి. "పంతాలకి పోయి పసివాణ్ణి మాడుస్తున్నావు" అనిరి. మేమును ఆ రాత్రి ఫోనును చేతిలోనికి తీసుకొని మరల పెట్టివేసితిమి. ఆరవనాడు వాడు అందరితోపాటు క్రింద కూర్చుండి, పప్పన్నము తన చేతితో అయిదు ముద్దలు తిని, ఆరవదానిని తలకు రాచుకొన్నాడు. నాటినుండి ఏమి పెట్టవలెనో, ఎప్పుడు పెట్టవలెనో మా వంతు. ఎంత తినవలెనో వాని వంతు. నేలను తుడుచుట మరల మా వంతు.

పెట్టునదియు సామాన్యమైనదే. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదు. ఆ తరువాత ఇంటి తిండితోపాటు రెండేండ్లు, అంతకుమించియు తల్లిపాలు ఇయ్యవచ్చును. ఏడాదిలోపు తేనె మాత్రము నాకింపరాదు. అందులో అరుదుగానైనను ఉండు ఒక సూక్ష్మజీవి పసివారికి ప్రాణాపాయము తేగలదు. పెసరపప్పు, బియ్యము దోరగా వేయించి విసరిన పిండితో జావ, నెయ్యి చుక్క. ఏడవ, ఎనిమిదవ నెలకు మెత్తని పప్పన్నము, ఉడికిన కూర. చోళ్ళను గూర్చి ఒక మాట. నూరు గ్రాముల చోళ్ళలో సున్నపు ధాతువు మూడువందల మిల్లీగ్రాములకు మించి యుండును. అన్ని ధాన్యములలో ఇది మొదటిది. కాని అందులోని ఫైటిక్ ఆమ్లము ఆ సున్నమును దేహమునకు పూర్తిగా దక్కనీయదు. నానబోసి, మూటగట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసరినచో ఆ ఆమ్లము చాలవరకు తగ్గును. మా అత్తగారు ఫైటిక్ ఆమ్లము పేరు ఎరుగరు. మొలకెత్తింపని చోడిపిండిని మాత్రము ఎన్నడును పసివారికి పెట్టలేదు. ఫోను విషయమున ఓడిపోయిన అత్తగారు ఈ విషయమున గెలిచిరి. ఇంట అట్లు సరిపోయినది.

బొమ్మల సంగతి త్వరగా ముగించెదము. రెండు గోనెల బొమ్మలు పోగైనవి. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన ఒక పరిశీలనలో ముప్పదియారుగురు పసివారికి ఒకసారి నాలుగు బొమ్మలు, ఒకసారి పదునారు ఇచ్చి చూచిరి. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కొక్కదానితో ఎక్కువసేపు, ఎక్కువ విధములుగా ఆడుకొనిరి. మేమును అయిదు బయట ఉంచి తక్కినవి అటకమీద పెట్టి, నెలకొకసారి మార్చుచున్నాము. మార్చిన నాడు పాతవే క్రొత్తవైనట్లు వాడు ఎగిరి గంతులు వేయును. ఏటికొప్పాకనుండి తెచ్చిన లక్కబొమ్మ ఒకటి ఎన్నడును అటక ఎక్కలేదు. అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కతో రంగులు అద్ది చేయుదురు. కొనలు గుండ్రముగా నుండును. అది ప్లాస్టిక్ బొమ్మకంటె ఖరీదు. నిరాడంబరము ఎల్లప్పుడు చౌక అని భ్రమపడరాదు. మన కొండపల్లి బొమ్మలు పొణికి కర్రతో చేయు తేలికపాటివి. అవి బొమ్మల కొలువునకే గాని నోట పెట్టుకొను వయస్సువారికి కాదు.

పని చేయు పిల్లకు బొమ్మ అక్కరలేదను సంగతి మా పెద్దది నేర్పినది. 1939లో అడయారు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే గడపిన మరియా మాంటిసోరీగారు పసివారి విద్యకు మొదటి మెట్టుగా ఇంటిపనిని పెట్టిరి: నీరు ఒక గిన్నెనుండి మరియొక గిన్నెకు పోయుట, బట్ట మడచుట, గింజలు వేరుచేయుట. మన పిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుచు నేర్చినదియు ఇదియే. మా పెద్దది పప్పులో రాళ్ళు ఏరును. చిన్నవాడు ఉల్లిపాయలను బుట్టలో వేయును, తీయును, మరల వేయును. దీనివలన మా పని తగ్గునని ఎవరును అనుకొనవలదు, రెట్టింపగును. ఆ రెట్టింపు పని యంతయు తల్లి నెత్తిననే పడినచో నిరాడంబరము అను పేరున మరియొక బరువు ఎత్తినట్లే. మా యింట రాత్రి గిన్నెలు మా వారు తోముదురు. మొదట అత్తగారికి అది నచ్చలేదు. ఇప్పుడు గిన్నెలకు జిడ్డు ఉన్నదని వారికే చెప్పుచున్నారు.

రేడియో పత్రికలో రేడియోను గూర్చి చెప్పక విడువరాదు. తెర కంటిని కట్టివేయును. రేడియో చెవిని మాత్రమే అడుగును, చేతులు, కాళ్ళు, ఊహ పిల్లలకే మిగులును. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు తెలుగు పిల్లలను ఆ పెట్టె ముందు కూర్చుండబెట్టిన కాలమున మా అత్తగారు చిన్నపిల్ల. ఆ పాటలు నేటికిని ఆమెకు వచ్చును. అయినను ఒక్క మాట నిజాయితీగా చెప్పవలెను. ప్రొద్దుననుండి రాత్రివరకు ఎవరును వినకయే మ్రోగుచుండు రేడియోయు మంచిది కాదు. పసివాడు మాట నేర్చునది పెట్టె మాటలాడుట వలన కాదు, తాను "ఊఁ" అన్నప్పుడు ఎదుటివారు బదులు చెప్పుట వలన. ఇంటిలో రొద ఎక్కువైనకొలది ఆ బదుళ్ళు తగ్గును. మేము పాటల వేళకు పెట్టుదుము, అందరము విందుము, కట్టివేయుదుము.

ఫోనును వంటయింటిలోనికి తీసుకొనిపోము. గడప బయట గోడకు సంచి తగిలించి అందులో ఉంచుదుము. గట్టుమీద కుడిప్రక్క ఒక అడుగు జాగాను మా వారు సుద్దతో గీత గీసి విడిచిరి. సుద్ద ఎప్పుడో చెరిగిపోయినది గాని, అక్కడ వేడిగిన్నె తప్ప మరియొకటి ఎవరును పెట్టరు. పండుగ వచ్చినప్పుడు మాత్రము బూరెల పళ్ళెము, పులిహోర గిన్నె అక్కడికే చేరును. అప్పుడు పిల్లలను ఇంకొక గదిలో ఉంచి ఎవరో ఒకరు కాపలా కూర్చుందుము.

చిన్నవాని ముంజేతిమీద మచ్చ యున్నది. కాలక్రమమున తగ్గునని చెప్పిరి, కొంత తగ్గినది. వాడు దానిని అందరికి చూపించి "చందమామ" అనును. మొన్న ఒక సాయంకాలము పెద్దది పప్పు ఏరుచు, తల ఎత్తకయే, "అమ్మా, ఆ రోజు నువ్వు ఫోనులో ఏం చూస్తున్నావు?" అని అడిగినది. అప్పుడు దానికి నాలుగేండ్లు, గుర్తున్నదని మేమనుకొనలేదు.

"చీరలు" అని చెప్పితిమి.

అది కొంతసేపు ఏమియు అనలేదు. తరువాత ఒక రాయి దొరకగా మా అరచేతిలో పెట్టి, మరల చేటలోనికి చూచినది.